బయటే ఉండే తులసికోటకు ఏ మట్టి మంచిది?

ప్రశ్న (న్యూజెర్సీ నుంచి):
అందరికీ నమస్కారం. కిందటేడు ఊరి నుంచి చిన్న మట్టి తులసికోట సూట్‌కేసులో చీరల మధ్య పెట్టి తెచ్చుకున్నాను. చలి మొదలవగానే మొక్కను లోపలికి తెచ్చి, కోటను డెక్ మీదే వదిలేశాను. మార్చిలో చూస్తే దీపం గూడు అంచు పొరలు పొరలుగా ఊడిపోయింది, వేలు తగిలితే రాలుతోంది. అమ్మ పసుపు రాసి ఇచ్చిన కోట, చాలా బాధేసింది. ఇప్పుడు పాటరీ క్లాసుకి వెళ్తున్నాను, నేనే ఒకటి చేస్తాను. ఎర్రమట్టితో చేసి పైన గ్లేజ్ (కాలాక గాజులా మారే పూత) దట్టంగా వేస్తే చాలా?

జవాబు:
గ్లేజ్‌ని నమ్ముకోకండి. సన్నటి పగుళ్లలోంచి, గ్లేజ్ లేని అడుగులోంచి నీరు ఎక్కుతుంది. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బి పెంకును లోపల్నుంచి తోసేస్తుంది. మన కుమ్మరి ఆవంలో కాలిన మట్టి నీరు పీలుస్తుంది కాబట్టే కుండలో నీళ్లు చల్లగా ఉంటాయి. మీ దగ్గర మంచుకు అదే ముప్పయింది.

గ్రాగ్ కలిపిన స్టోన్‌వేర్ తీసుకోండి, అంటే ఎక్కువ వేడికి కాలి నీరు అంతగా పీల్చని మట్టి. గ్రాగ్ అంటే కాల్చిన మట్టిని దంచిన రవ్వ. అది ఉంటే మందపాటి గోడలు ఆరేటప్పుడు అంతగా పగలవు. కాల్చేది కోన్ 6కి (కోన్ అంటే బట్టీ వేడికి కొలత), అంటే దాదాపు 1220 డిగ్రీల సెల్సియస్. కోన్ 06 వేరు, అది 1000 దగ్గరే ఆగిపోతుంది, ఆ సున్నా జాగ్రత్త. మట్టి సంచి మీద 'కోన్ 6 నుంచి 10' అని ఉంటే మాత్రం, 6కి కాల్చినప్పుడు చాలాసార్లు లోపల పచ్చిగానే మిగులుతుంది.

ఇంకో జవాబు:
అక్కా, ముందు ఒక ముక్క పరీక్షించండి. గ్లేజ్ లేకుండా కాల్పించి తూచండి. 5 గంటలు మరిగించి, ఆ నీళ్లలోనే ఒక రోజు ఉంచి, తడి తుడిచి మళ్లీ తూచండి. నేను మొదట కొన్న మట్టిలో 200 గ్రాముల ముక్క 209 అయింది, అంటే 4.5 శాతం నీరు పీల్చింది. పక్కన పెట్టేశాను. రెండోది 203 దగ్గర ఆగింది. దానితో చేసిన పిట్టల నీళ్ల తొట్టి మూడు చలికాలాలుగా పెరట్లోనే ఉంది. నవంబరులో బోర్లించేస్తాను, నీళ్లు నిండి గడ్డకడితే ఎంత గట్టి తొట్టయినా పగులుతుంది.

అడిగినవారు:
క్లాసులో కనుక్కున్నాను, కోన్ 6కే కాలుస్తారట. ముక్కలు ఈ వారమే చేస్తాను. మొక్క తీశాక కోటలో మట్టి ఉంచొచ్చా?

మొదటి జవాబు రాసినవారు:
వద్దండీ, తడిమట్టి కూడా గడ్డకట్టి గోడల్ని నెడుతుంది. పూర్తిగా ఖాళీ చేయండి. అడుగున బొటనవేలు పట్టేంత చిల్లు, మూడు చిన్న కాళ్లు పెడితే నీరు నిలవదు.