లేజర్లున్న లోకంలో ఉరితాడు నమ్మేలా ఉంటుందా?

తోకచుక్క: చంద్రుడి మీద గనుల కాలనీ నేపథ్యంగా కథ రాస్తున్నాను. తిరుగుబాటు నాయకుణ్ని అందరి ముందూ ఉరి తీస్తారు. డ్రాఫ్ట్ చదివిన మిత్రుడు "అంత దూరం వెళ్లినవాళ్లకు తాడే దొరికిందా?" అని నవ్వాడు. మార్చేయమంటారా?

గ్రహచారి: మార్చేయండి. ఎయిర్‌లాక్ (కాలనీ నుంచి గాలిలేని బయటికి వెళ్లే గది) తలుపు తెరిస్తే అయిపోయేదానికి ఇంత తతంగం దేనికి?

రాత్రిపక్షి: నేనొప్పుకోను. వాయేజర్-1 వ్యోమనౌక బయల్దేరింది 1977 సెప్టెంబరు 5న. ఐదు రోజులు తిరక్కుండానే, 10న, మార్సెయ్ జైల్లో ఫ్రాన్స్ ఒక ఖైదీకి గిలెటిన్‌తో, అంటే తల నరికే యంత్రంతో, మరణశిక్ష అమలు చేసింది. అక్కడ గిలెటిన్ వాడటం అదే ఆఖరు. రాకెట్లు ఎగిరినంత మాత్రాన జైలు గోడల వెనక పద్ధతులు మారిపోవు. ఇంకోటి. 1946లో న్యూరెంబర్గ్‌ యుద్ధనేరాల విచారణలో శిక్షపడ్డ హిట్లర్ సేనానులు కైటెల్, యోడ్ల్ తమను సైనికుల్లా కాల్చి చంపమని అడిగారు. కుదరదన్నారు, సైనికుడికి అవమానమైన ఉరే వేశారు. తుపాకులు లేకనా?

గ్రహచారి: న్యూరెంబర్గ్ పాయింట్ బాగుంది. కానీ ఉరి అవమానమని చూసేవాళ్లకు తెలియాలిగా! తరాలుగా చంద్రుడి మీదే పుట్టి పెరిగినవాళ్లకు ఉరికంబం చూస్తే ఏం గుర్తొస్తుంది? పైగా ఎంత ఎత్తు నుంచి పడాలో మనిషి బరువును బట్టి లెక్కగట్టే పద్ధతి ఇంగ్లండ్‌లో 1872లో మార్వుడ్ అనే తలారి మొదలుపెట్టాడు. ఆ లెక్కంతా భూమి గురుత్వాకర్షణకు సరిపోయేది. చంద్రుడి మీద అది ఆరో వంతే, కాబట్టి పడేటప్పుడు అదే వేగం రావాలంటే ఎత్తు ఆరు రెట్లు కావాలి.

రాత్రిపక్షి: ఎత్తొక్కటే కాదు, పడే సమయం కూడా ఆరు రెట్లు! భూమ్మీద రెప్పపాటులో అయ్యేది అక్కడ మూడు సెకన్ల పైమాటే. మూడంతస్తుల ఎత్తు నుంచి మనిషి మెల్లగా మొదలై వేగం అందుకుంటూ పడుతుంటే కాలనీ మొత్తం తలెత్తి చూస్తుంది. భయపెట్టాలనుకున్న పాలకులకు అంతకంటే ఏం కావాలి? ఎయిర్‌లాక్‌లో అయితే తలుపు మూశాక చూడ్డానికేం ఉండదు.

నీలిసిరా: నాకొకటే విసుగు. గ్రహాలు దాటే ఊహ చేస్తారు గానీ, మరణశిక్ష లేని సమాజం మాత్రం ఎవరికీ తట్టదు.

తోకచుక్క: నీలిసిరా గారూ, అది వేరే కథ, రాయాల్సిందే. ఇక్కడ మాత్రం ఉరి ఉంచేస్తున్నాను. తీర్పు చెప్పేది భూమి నుంచి దిగిన అధికారులు, కాబట్టి ఉరికంబం వాళ్ల ఆచారమే. ఎత్తు కూడా భూమి పట్టిక చూసే కట్టిస్తారు. అది చాలదని అక్కడే పుట్టిన గని కార్మికులకు చూడగానే తెలిసిపోతుంది. వాళ్లలో ఎవరైనా నోరు విప్పుతారా లేదా అన్నదే ఇంకా తేల్చుకోలేదు.