“నీ అయ్య జాగీరా?” అసలు జాగీరు అయ్యదేనా?

నిన్న బస్సులో కిటికీ సీటు దగ్గర గొడవైంది. “ఏందన్నా, నీ అయ్య జాగీరా?” అన్నాడొకాయన. చిన్నప్పటి నుంచి వింటున్న మాటే. జాగీరంటే తాతముత్తాతల ఆస్తి అనేనా?

• ఫారసీ మాటండీ. ‘జా’ అంటే చోటు, ‘గీర్’ అంటే పట్టుకున్న. తమాషా ఏంటంటే, దక్కన్‌ని ఏలిన బహమనీ సుల్తానుల కాలంలో జాగీరు అయ్య నుంచి కొడుక్కి హక్కుగా వచ్చేది కాదు. ఇచ్చేది భూమి కూడా కాదు, దాని మీద శిస్తు. ఆ డబ్బుతో గుర్రాలనీ సిపాయిలనీ పోషించి, పిలిచినప్పుడు యుద్ధానికి రావాలి. సుల్తానుకి కోపమొస్తే పోతుంది. ఒకరకంగా బస్సు సీటే అసలైన జాగీరు, దిగేదాకానే మీది!

గోల్కొండ సంగతే చూడండి. అక్కడి కుతుబ్‌షాహీల మూలపురుషుడు సుల్తాన్ కులీ, ఇరాన్‌లోని హమదాన్ వైపు నుంచి వచ్చిన తుర్కుమాను (ఒక తుర్కు తెగవాడు). 1487లో బహమనీల రాజధాని బీదరు కోటలో సుల్తాను మహమూద్ షా బహమనీని చంపబోతే అడ్డం నిలబడ్డవాళ్లలో ఇతనూ ఉన్నాడు. దాంతో దశ తిరిగింది. కుతుబ్ ఉల్ ముల్క్ అనే బిరుదు, 1496 ప్రాంతంలో తెలంగాణ తరఫ్‌దారీ (అంటే ఆ ప్రాంతం మీద పాలనాధికారం), గోల్కొండ జాగీరు దక్కాయి. 1518 నాటి గోల్కొండ జామా మసీదు శాసనంలో కూడా రాజుగా మహమూద్ షా పేరే ఉంది. కానీ ఆ జాగీరు మళ్లీ బీదరుకి పోలేదు. 1687లో ఔరంగజేబు వచ్చేదాకా ఆ వంశం చేతిలోనే ఉంది. “అయ్య జాగీరు” అనే మాట వీళ్లకైతే సరిగ్గా అతుకుతుంది.

ఇంకోటి. ఇలా బయటి నుంచి వచ్చినవాళ్లని అప్పట్లో ‘గరీబులు’ అనేవాళ్లు. అరబ్బీలో గరీబ్ అంటే పరాయివాడు. ఊరుగాని ఊళ్లో నా అన్నవాళ్లు లేనివాడు బీదవాడే అనుకున్నారేమో, మనకి ఆ అర్థమే మిగిలింది. కోటలున్న గరీబులన్నమాట!

• తరఫ్‌దారు అన్నారు కదా, పెళ్లిళ్లలో “అమ్మాయి తరఫు”, అదీ ఇదీ ఒకటేనా?

• ఒకటే మేడం. అరబ్బీలో తరఫ్ అంటే పక్క, వైపు. బహమనీలు రాజ్యాన్ని మొదట నాలుగు తరఫులు చేశారు. ఒక్కొక్కరి చేతిలో మరీ పెద్ద తరఫు ఉంటే ప్రమాదమని బహమనీల ప్రధానమంత్రి మహమూద్ గవాన్ వాటిని ఎనిమిది చేశాడు. ఆయనా గరీబే, ఇరాన్‌లోని గీలాన్ నుంచి వచ్చాడు. 1481లో సుల్తానే ఆయన తల తీయించాడు.