'ఫోర్స్ అవుట్'‌ని తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: న్యూజెర్సీలో మా అబ్బాయి బేస్‌బాల్ ఆడుతుంటే పక్కన కూర్చుని నాన్నగారికి ఆట వివరిస్తున్నాను. 'బలవంతపు అవుట్' అన్నాను. "ఎవరు బలవంతం చేశారు, అంపైరా?" అన్నారు. మంచి మాట ఉంటే చెప్పగలరా?

జవాబు: నాన్నగారు సరైన చోటే పట్టుకున్నారండీ. ఇక్కడ బలవంతం రన్నర్ మీద. బేస్‌లంటే రన్నర్ వరసగా తాకుతూ పోవాల్సిన నాలుగు చోట్లు, ఆఖరిది హోమ్, అది చేరితే పరుగు. బ్యాటర్ బంతిని నేలబారుగా కొట్టి ఫస్ట్ బేస్‌కి పరుగెత్తితే, అక్కడున్న రన్నర్ చోటు ఖాళీ చేయాలి. మన నాలుగు స్తంభాలాటలో లాగే ఒక చోటు ఒక్కరికే. అతను సెకండ్ బేస్ చేరేలోపు ఫీల్డర్ బంతి పట్టుకుని ఆ బేస్‌ని తొక్కితే చాలు, మనిషిని తాకనక్కర్లేదు. నేనైతే 'కదలక తప్పని రన్నర్' అంటాను. అవుట్ పేరు మాత్రం ఫోర్స్ అవుట్ అనే ఉంచుతాను, రనౌట్‌ని మనం మార్చుకోలేదు కదా.

ఆ 'తప్పదు' ఎంత గట్టిదో చెప్పాలంటే ఫ్రెడ్ మెర్కల్ కథ చెప్పాలి. 1908 సెప్టెంబర్ 23, న్యూయార్క్ పోలో గ్రౌండ్స్‌లో జెయింట్స్, కబ్స్ మ్యాచ్. స్కోరు 1-1, ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్, జెయింట్స్ బ్యాటింగ్, ఇద్దరు అవుట్, మూడో అవుట్‌తో ఇన్నింగ్స్ ముగుస్తుంది. థర్డ్ మీద మెకార్మిక్, ఫస్ట్ మీద 19 ఏళ్ల మెర్కల్. బ్రిడ్‌వెల్ కొట్టిన బంతి సెంటర్ ఫీల్డ్‌లోకి పోయింది, మెకార్మిక్ హోమ్ చేరాడు. గెలిచామని జనం మైదానంలోకి దిగిపోయారు. మెర్కల్ సెకండ్ బేస్‌ని తాకకుండానే పక్కకు తిరిగి వెళ్లిపోయాడు. కబ్స్ ఆటగాడు ఎవర్స్ బంతి తెప్పించి సెకండ్ బేస్‌ని తొక్కాడు. మూడో అవుట్ ఫోర్స్ అవుట్ అయితే, ముందే హోమ్ చేరి చేసిన పరుగు కూడా లెక్కలోకి రాదు. మ్యాచ్ టైగా మిగిలింది. అక్టోబర్ 8న మళ్లీ ఆడితే కబ్స్ గెలిచి, ఒక్క మ్యాచ్ తేడాతో లీగ్ ఎగరేసుకుపోయారు. పాపం, ఆ కుర్రాడికి జీవితాంతం ఆ చెడ్డపేరే మిగిలింది. అప్పట్లో గెలుపు పరుగు వచ్చాక అలా సెకండ్ బేస్ చేరకుండా ఆగిపోవడం చాలామంది చేసేదే. నా దృష్టిలో అతనికి అన్యాయం జరిగింది.

ఇంకొకరి వ్యాఖ్య: 'కదలక తప్పని' బాగుంది, ఎందుకంటే ఆ అవసరం మధ్యలో పోవచ్చు కూడా. ఫస్ట్ బేస్ దగ్గరుండే ఫీల్డర్ (ఫస్ట్ బేస్‌మన్) బంతి అందుకుని ముందు తన బేస్‌నే తొక్కాడనుకోండి. బ్యాటర్ అవుట్. వెనక నుంచి వచ్చేవాడు లేడు కాబట్టి ముందున్న రన్నర్ కదలక్కర్లేదు, కావాలంటే ఫస్ట్‌కి తిరిగి రావచ్చు. ఇప్పుడు సెకండ్ బేస్‌ని తొక్కితే సరిపోదు, మనిషిని బంతితో తాకాల్సిందే. పిల్లల మ్యాచుల్లో ఎక్కువగా తడబడేది ఇక్కడే. అందుకే బంతి విసిరే కుర్రాడు "తాకు, తాకు" అని గట్టిగా అరవాలి.