ఫూడ్, గుడ్, బ్లడ్... రెండు ఓలే కదా, మూడు రకాలుగా ఎందుకు పలకాల?

కొర్లగుంట నాయన:
మా పాప మూడో క్లాసు. నిన్న రాత్రి డిక్టేషన్ చెప్తా ఉంటే బ్లడ్ కి బి ఎల్ యు డి అని రాసింది, తప్పమ్మా రెండు ఓలు పెట్టాల అంటే, ఫూడ్ కి కూడా రెండు ఓలే కదా నాయనా అట్లయితే బ్లూడ్ అనాల కదా అని పెన్సిల్ కింద పెట్టేసింది. గుడ్ ఇంకో రకం. అదంతే బట్టీ కొట్టు అనడం తప్ప నాకేం తెలీదు. దీనికి రూలేమన్నా ఉందా?

పీలేరు సారు:
రూలు కాదన్నా, కథ ఉంది. ఇంగ్లీషోళ్ళకి అచ్చులు రాసే అక్షరాలు అయిదు, బ్రిటిష్ ఇంగ్లీషులో పలికే అచ్చులు దాదాపు 20. మన మాదిరి ఒ కి ఓ కి వేరే గుర్తుల్లేవు, దీర్ఘం కావాలంటే ఓ ని రెండుసార్లు రాసుకునేవాళ్ళు. అంటే ఫూడ్ ని అప్పట్లో ఫోడ్ అనే అనేవాళ్ళు, బ్లోడ్, గోడ్ కూడా అంతే. సుమారు 1400 నుంచి 1700 లోపల దీర్ఘాలన్నీ పలకడంలో పక్కకి జరిగిపోయినాయి, ఓ కాస్తా ఊ అయింది. బ్లడ్ లో దీర్ఘం తొందరగా పోయి కట్, కప్ లతో కలిసి అ లోకి దిగింది, గుడ్ లో ఆలస్యంగా పోయి ఉ దగ్గరే నిలబడింది, ఫూడ్ దీర్ఘం వదల్లేదు. ఈ మధ్యలోనే 1476లో కాక్స్టన్ అనే ఆయన ఇంగ్లండులోని వెస్ట్‌మిన్‌స్టర్‌లో పుస్తకాలు అచ్చేసే ప్రెస్సు పెట్టినాడు, పుస్తకాలతో స్పెల్లింగు మెల్లగా గట్టిపడింది, నోరు మాత్రం ఆగలేదు. నేమ్ ని కూడా అప్పుడు 'నామ' అన్నట్టే పలికేవాళ్ళు, తిరుపతోళ్ళకి నామం కొత్తా చెప్పు :)

చిత్తూరక్క:
మనమేం తక్కువ తిన్నామా. ఇంగ్లీషు బోర్డుల్లో చిత్తూరుకి రెండు ఓలు, పుత్తూరుకి ఉత్త యు, నెల్లూరుకి ఓ ఆర్ ఈ. మూడూ ఊర్లే కదబ్బా! మా ఆఫీసులో బెంగాలీ పిల్ల నెల్లోర్ అంటాది, ఆమె తప్పేముంది. ఇంకోటి, మేక అని రాసి మ్యాక అనమా? ఆ శబ్దానికి మనకీ అక్షరం లేదు.

మదనపల్లె ట్యూషన్:
కథ బాగుంది గానీ రేపు డిక్టేషన్ కి పనికిరాదు. ఫూడ్ మూన్ స్కూల్ ఒక కుప్ప, గుడ్ బుక్ లుక్ ఒక కుప్ప, బ్లడ్ ఫ్లడ్ ఒక కుప్ప, విడగొట్టి రాయించండి. ఓల తర్వాత కె వస్తే మామూలుగా పొట్టిదే. చివర ఈ ఉంటే దాన్ని పలకం, ముందరి అచ్చుని ఏబీసీడీల్లో చదివినట్టే చదవాల, మ్యాట్ మేట్, కిట్ కైట్. గివ్, హ్యావ్ అట్ల కాదు, మాట వి తో ముగించే అలవాటు ఇంగ్లీషులో లేక ఈ తగిలించినారు, అంతే.

కొర్లగుంట నాయన:
మూడు కుప్పలూ రాసిచ్చినా. చదివేసి తలుపు చూపించి, మరి డోర్ ఏ కుప్పలో నాయనా అనింది. సారూ, మళ్ళీ రావాల మీరు.