వడ్ల తేమ మా మీటర్‌లో 16.5, కొనుగోలు కేంద్రంలో 18.5. ఎందుకు?

యాసంగి వడ్లు, ఎంటీయూ 1010 రకం. హార్వెస్టర్‌తో కోసినప్పుడు తేమ 22 శాతం. పట్టాల మీద రెండంగుళాల మందాన పోసి, గంటకోసారి కాలితో తిరగేసి ఆరబెట్టాం. సాయంత్రం మా మీటర్‌లో 16.5. తెల్లారి కేంద్రంలో చూస్తే 18.5. హద్దు 17 కాబట్టి బస్తాలు దిగనివ్వలేదు.

చూసినవి ఇవీ: బ్యాటరీలు కొత్తవి. మీటర్ సెట్టింగ్ బియ్యం మీద కాదు, వడ్ల మీదే ఉంది. వేడి గింజకు రీడింగ్ తప్పొస్తుందని అరగంట నీడలో చల్లార్చి కొలిచాం. కుప్ప పైన, నడుమ, అడుగున విడివిడిగా తీశాం, తేడా 0.3కి మించలేదు. తాలు, మట్టి తూర్పారబట్టి తీసేశాం. రాత్రి పట్టా కప్పడంతో చెమ్మ పట్టిందేమోనని, పొద్దున బస్తాకెత్తే ముందు మళ్లీ కొలిస్తే 16.7.

ఇంకా ఎండబెట్టొచ్చు, కానీ 17 నుంచి 14కి దిగితే క్వింటాకు మూడున్నర కిలోల తూకం పోతుంది, ఎర్రటి ఎండలో గబగబా ఎండితే గింజ పగిలి మరలో నూక కూడా ఎక్కువవుతుంది. గుడ్డిగా అలా చేయడం దండగ.

ల్యాబ్‌కు పోకుండా, కల్లం దగ్గరే మా మీటర్ సరైనదో కాదో తేల్చుకునే పద్ధతి ఎవరైనా చేసి చూశారా?