సభ్యులను ఇబ్బంది పెట్టకుండా మెయిలింగ్ లిస్టు బట్వాడాను పరీక్షించడం ఎలా?

కొత్తసర్వర్ (ప్రశ్న):

నమస్కారం. మెయిల్‌మ్యాన్ 2 (మెయిలింగ్ లిస్టులు నడిపే సాఫ్ట్‌వేర్)తో నడుస్తున్న ఒక చర్చా లిస్టును పాత సర్వర్ నుంచి కొత్తదానికి మారుస్తున్నాము. సభ్యుల పట్టిక, పాత సందేశాల నిల్వ సక్రమంగానే వచ్చాయి. అయితే కొత్త సర్వర్ పంపే సందేశాలు సభ్యులకు నిజంగా చేరతాయో లేదో తెలుసుకోవడానికి, "ఇది పరీక్ష, దయచేసి పట్టించుకోవద్దు" అని అందరికీ పంపడం తప్ప వేరే దారి కనిపించడం లేదు. అలాంటిది వెళ్లిన ప్రతిసారీ కొందరు "అందింది" అని లిస్టుకే జవాబు రాస్తారు, ఇంకొందరు విసిగి సభ్యత్వం వదులుకుంటారు. ఎమర్జెన్సీ మోడరేషన్ (వచ్చే ప్రతి సందేశాన్నీ నిర్వాహకుడు ఆమోదించేదాకా ఆపే సెట్టింగు) పెట్టి ఒక సందేశం పంపి చూస్తే సరిపోతుందా?

క్యూకాపలా:

సరిపోదు. ఎమర్జెన్సీ మోడరేషన్‌లో సందేశం పంపిణీకి ముందే ఆగిపోతుంది కాబట్టి, అది మెయిల్‌మ్యాన్ దాకా వచ్చిందన్న ఒక్క విషయమే తెలుస్తుంది. మీకు కావలసింది ఆ తరువాతి ప్రయాణం.

అదే సర్వర్‌లో, అదే డొమైన్ కింద, ప్రకటిత జాబితాలో కనిపించని మరో లిస్టును సృష్టించండి. అసలు లిస్టు సెట్టింగులను కాన్ఫిగ్‌_లిస్ట్ ఆదేశంతో ఒక ఫైలులోకి తీసి, లిస్టు పేరు, వివరణ వంటివి మార్చుకుని, కొత్తదానిలోకి ఎక్కించవచ్చు. ఆ ఫైలులో సభ్యుల చిరునామాలు ఉండవు కాబట్టి పొరపాటున ఎవరికీ ఏదీ వెళ్లదు. సబ్జెక్టు ముందు చేరే ట్యాగు, సందేశం చివర చేరే ఫుటరు కూడా అసలు లిస్టులో ఉన్నట్లే ఉండాలి. సందేశాన్ని మార్చేవి అవే, డీకిమ్ సంతకం (సందేశం దారిలో మారలేదని చూపే డిజిటల్ సంతకం) చెడిపోవడానికి తరచుగా కారణమయ్యేవీ అవే. సభ్యులుగా వేర్వేరు మెయిల్ సంస్థలలో మీకున్న సొంత చిరునామాలనే చేర్చండి.

ఒక చిన్న సంగతి. జీమెయిల్ చిరునామా నుంచి లిస్టుకు రాస్తే, లిస్టు ద్వారా తిరిగివచ్చిన మీ ప్రతిని జీమెయిల్ మీ ఇన్‌బాక్సులో విడిగా చూపించదు. దానిని చూసి బట్వాడా ఆగిపోయిందని కంగారు పడేవారు చాలామంది ఉన్నారు. ఒక చిరునామా నుంచి పంపి, వేరొక చిరునామాలో చూడండి.

హెడర్‌చదువరి:

పై సూచనతో ఏకీభవిస్తున్నాను, కానీ సందేశం చేరిందా లేదా అన్నంతవరకే చూసి ఆగవద్దు. చేరిన సందేశపు పూర్తి హెడర్లను (సందేశం వచ్చిన దారి, తనిఖీల వివరాలుండే పై వరుసలను) తెరిచి, ఆథెంటికేషన్ రిజల్ట్స్ అనే వరుసలో ఎస్‌పీఎఫ్ (డొమైన్ పేరుతో మెయిల్ పంపగల సర్వర్ల జాబితా), డీకిమ్, డీమార్క్ (ఈ తనిఖీలలో విఫలమైన సందేశాన్ని ఏం చేయాలో డొమైన్ చెప్పే విధానం) మూడింటికీ "పాస్" అని ఉందో లేదో చూడండి. సర్వర్ మారితే ఐపీ చిరునామా మారుతుంది. డీఎన్ఎస్‌లోని (డొమైన్ల వివరాలుండే పట్టికలోని) ఎస్‌పీఎఫ్ రికార్డు మాత్రం పాత ఐపీనే చెబుతూ ఉండవచ్చు. కొత్త ఐపీకి రివర్స్ డీఎన్ఎస్ (ఐపీ నుంచి సర్వర్ పేరు చెప్పే రికార్డు) ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోండి.

డీమార్క్‌ను ప్రత్యేకంగా పరీక్షించాలి. 2014 ఏప్రిల్‌లో యాహూ తన డొమైన్‌కు "రిజెక్ట్" విధానం (తనిఖీలో విఫలమైతే తిప్పికొట్టమనేది) పెట్టినప్పుడు, యాహూ సభ్యులు లిస్టులకు రాసిన సందేశాలను ఇతర సంస్థలు తిప్పికొట్టాయి. ఆ తిరుగుటపాల లెక్క రాసినవారి ఖాతాలో పడలేదు, అందుకోవలసినవారి ఖాతాలో పడింది. ఆ లెక్క పెరిగేసరికి ఏ పాపమూ ఎరుగని సభ్యులకు బట్వాడా నిలిచిపోయింది. అందువల్ల పరీక్షా సందేశాలలో ఒకటైనా "రిజెక్ట్" విధానమున్న డొమైన్ నుంచి పంపండి. మెయిల్‌మ్యాన్ ఫ్రమ్ వరుసలో లిస్టు చిరునామాను పెడుతున్నదో లేదో అక్కడ తేలిపోతుంది.

కొత్తసర్వర్:

ఇద్దరికీ ధన్యవాదాలు. పరీక్షా లిస్టులో ఉండేది గుప్పెడు చిరునామాలే కదా. అసలు సభ్యుల పట్టికతో పంపిణీ ఎలా జరుగుతుందో చూసే మార్గం ఏమైనా ఉందా?

వలవేసినవాడు:

ఉంది. మెయిల్‌పిట్ వంటి వల సర్వర్‌ను పెట్టుకోండి. అది ఎస్‌ఎమ్‌టీపీ (సర్వర్లు మెయిల్ పంపుకునే పద్ధతి) ద్వారా వచ్చిన ప్రతి సందేశాన్నీ స్వీకరిస్తుంది, ఏదీ బయటికి పంపదు. మామూలుగా 1025 పోర్టులో మెయిల్ తీసుకుని, 8025 పోర్టులో బ్రౌజరుకు చూపిస్తుంది. మెయిల్‌మ్యాన్ పంపే మార్గాన్ని ఆ పోర్టుకు మళ్లిస్తే, పట్టికలోని ప్రతి సభ్యుడి పేరా వెళ్లవలసినదంతా అక్కడే చిక్కుతుంది. అయితే ఈ పని లిస్టు నకలుపై, అసలు మెయిల్ కొత్త సర్వర్‌కు రావడం మొదలవకముందే చేయాలి. లేకపోతే సభ్యులు నిజంగా రాసుకున్న ఉత్తరాలు కూడా వలలోనే ఉండిపోతాయి.

నకలు లిస్టుతో మరో ప్రమాదం ఉంది. మెయిల్‌మ్యాన్ 2 ప్రతి నెలా 1వ తేదీన సభ్యులకు పాస్‌వర్డ్ గుర్తుచేసే సందేశాలు పంపే క్రాన్ (నిర్ణీత సమయానికి దానంతటదే నడిచే) పనితో వస్తుంది. వల తీసేసి నకలును అలాగే వదిలేస్తే, మీరు దాచాలనుకున్న పరీక్ష ఆ తెల్లవారుజామున అందరికీ తెలిసిపోతుంది. ముందుగా క్రాన్‌ను ఆపండి.

ఉత్తుత్తి సభ్యులు కావలసివస్తే నోటికొచ్చిన జీమెయిల్ పేరు రాయవద్దు, అది ఎవరిదో అయి ఉండవచ్చు. ఎగ్జాంపుల్ డాట్ కామ్‌ను, డాట్ ఇన్‌వ్యాలిడ్‌ను ఇలాంటి అవసరాలకే 1999లో ఆర్‌ఎఫ్‌సీ 2606 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం కేటాయించింది.

క్యూకాపలా:

ఒకేసారి వేలకొద్దీ సందేశాలు వచ్చినప్పుడు బయటి సంస్థలు కొత్త ఐపీతో ఎలా వ్యవహరిస్తాయో మాత్రం వల చెప్పలేదు. దానికి విడిగా పరీక్షా సందేశం అక్కర్లేదు. లిస్టులో ఎవరో ఒకరు మామూలుగా రాసే మొదటి ఉత్తరం వెళుతున్నప్పుడు పోస్ట్‌ఫిక్స్ (మెయిల్ బయటికి పంపే ప్రోగ్రాము) లాగ్‌ను చూస్తూ కూర్చోండి. 4తో మొదలయ్యే జవాబులు వస్తే అవి తాత్కాలికం, సర్వర్ తనంతట తానే మళ్లీ ప్రయత్నిస్తుంది. ఒకే సంస్థ నుంచి 5తో మొదలయ్యేవి వరుసగా వస్తుంటే క్యూను (పంపడానికి వేచివున్న సందేశాల వరుసను) హోల్డ్‌లో పెట్టి, ఆ జవాబు పక్కనున్న కారణాన్ని చదివి సరిచేసి, ఆ తరువాతే మిగిలినవి వదలండి.