వేసవి సెలవుల్లో పిల్లలకు టైంటేబుల్ వెయ్యాలా, వదిలెయ్యాలా?

ఇద్దరి అమ్మ: సెలవులు దగ్గరికొచ్చాయి. మా పెద్దది ఐదో తరగతి, చిన్నాడు రెండు. నేను ఇంటి నుంచే ఆఫీసు పని చేస్తాను. రోజంతటికీ టైంటేబుల్ రాసి గోడకి అంటిస్తే, మావారు "ఇది ఇంకో బడి" అంటున్నారు. మీరేమంటారు?

లెక్కల మాష్టారు: వెయ్యాల్సిందేనమ్మా. అమెరికాలో హారిస్ కూపర్ అనే పరిశోధకుడి బృందం 1996లో అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను కలిపి చూస్తే, సెలవులయ్యేసరికి పిల్లలు సగటున ఒక నెల చదువంత వెనకబడ్డారని తేలింది. చదవడంలో కన్నా లెక్కల్లో నష్టం ఎక్కువ. బడి తెరిచాక మొదటి వారాలు నాకు పాత ఎక్కాలతోనే సరిపోతాయి. పొద్దున అరగంట లెక్కలు చేయించండి, చాలు.

పచ్చిక: 5 నుంచి 17 ఏళ్ల వాళ్లకు రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసే ఆట ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. ఆ కాగితంలో ఆటకి చోటుందా?

స్వేచ్ఛాజీవి: సెలవంటే సెలవే. విశ్రాంతి, ఆట పిల్లల హక్కని ఐక్యరాజ్య సమితి 1989 బాలల హక్కుల ఒడంబడికలో 31వ అధికరణం చెబుతోంది. మా నాన్న సెలవుల్లోనే పైతరగతి పుస్తకాలు చదివించేసేవారు. ఈ రోజుకీ లెక్కల పుస్తకం చూస్తే నాకు గుండె దడ. "ఏం తోచట్లేదు" అని గొణగనివ్వండి. కాసేపటికి వాళ్లే ఏదో ఒకటి కనిపెట్టుకుంటారు.

లెక్కల మాష్టారు: నాన్నగారి మీద కోపం లెక్కల మీద చూపిస్తే ఎలాగండీ? పైతరగతి పాఠాలు చెప్పమన్నానా? వచ్చినవి మర్చిపోకుండా చూడమన్నాను. అరగంట.

స్వేచ్ఛాజీవి: అరగంటతో మొదలై రెండు గంటలవుతుంది. నాకు తెలుసు.

లెక్కల మాష్టారు: అరగంట అంటే అరగంటే.

నైట్ డ్యూటీ: నిద్ర సంగతి ఎవరూ ఎత్తరేం? 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు రోజుకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని అమెరికా నిద్ర వైద్యుల అకాడమీ 2016లోనే చెప్పింది. లేచే వేళ ఒక్కటి కుదిరితే మిగతా రోజు దారిన పడుతుంది.

స్వేచ్ఛాజీవి: సెలవుల్లో కూడా అలారమా!

ఇద్దరి అమ్మ: స్వేచ్ఛాజీవి గారూ, మీ పిల్లలు "తోచట్లేదు" అని గొణిగేటప్పుడు ఇంట్లో ఎవరుంటారు?

స్వేచ్ఛాజీవి: నేను ఆఫీసులో ఉంటాను. మా ఆవిడ చూసుకుంటుంది. దానికీ దీనికీ ఏం సంబంధం?

ఇద్దరి అమ్మ: ఉన్న సంబంధమంతా అదే. ఆ గొణుగుడు వినేది ఆవిడ. మా ఇంట్లో నేను మీటింగులో ఉండగా తలుపు బాదుతారు, ఫోన్ చేతిలో పెడితే గానీ ఊరుకోరు. సాయంత్రం ఆయనొచ్చి "పొద్దస్తమానం ఫోనేనా" అని నన్నే నిలదీస్తారు. నా పని నేను చేసుకోవడానికి రాసుకున్నాను ఆ కాగితం. పగలు ఇంట్లో లేని మనిషి స్వేచ్ఛ గురించి ఎన్నయినా చెప్పొచ్చు.

స్వేచ్ఛాజీవి: అంటే పిల్లల కోసం కాదు, మీ సౌకర్యం కోసమన్నమాట.

పచ్చిక: ఆ మాట వెనక్కి తీసుకోండి. ఉద్యోగాన్ని సౌకర్యం అనరు.

లెక్కల మాష్టారు: అమ్మా, అయితే ఆ అరగంట లెక్కలు మీవారినే చెప్పమనండి, ఆఫీసుకి బయల్దేరే ముందు.

ఇద్దరి అమ్మ: అడిగాను మాష్టారూ. నా మీటింగుల వేళలు ఉంచి మిగతాదంతా కొట్టేశాను. ఆ వేళల్లో పిల్లలేం చెయ్యాలో ఆయన్నే రాయమన్నాను. ఇంకా కలం పట్టలేదు.

నైట్ డ్యూటీ: లేచే వేళ మాత్రం కొట్టెయ్యకండి.